కొటారులో దిగే కాటా

ముత్తుకూరు నుంచి సముద్రం దిక్కుకు పోతే, ఉప్పు కయ్యలు దాటినాక, కాలువగట్టున పాత కొటారు ఒకటి ఉండేది. కయ్యల్లో తీసిన ఉప్పు కుప్పబోసేదీ, తూకమేసి పడవలకెత్తేదీ అక్కడే. పగలు అక్కడ కాలు పెట్టే సందుండదు. పొద్దు గూకినాక మాత్రం, ఎంత తొందరున్నా సరే, చుట్టు తిరిగి పోయేవాళ్ళేగానీ ఆ వాకిలి ముందునుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

ఎందుకంటే... కాటా పోలేరయ్య చచ్చింది అందులోనే.

తూకమేసే మనిషి ఆయన. సాయంత్రం ఆయన తూచిన గోతాల్ని తెల్లారి పడవ దగ్గర మళ్ళీ తూస్తే బరువెక్కువ తూగేవి. పడవోళ్ళతో కుమ్మక్కై ఉప్పు ఎక్కువేసి పంపుతున్నాడని పనిలోంచి తీసేసినారు. కొన్నాళ్ళకే, ఒక వానరాత్రి, కొటారులో ఉప్పుకుప్ప విరిగి ఆయన మీద పడింది. తెల్లారి తవ్వి తీసినారు. అప్పుడు చూస్తే కాటా తట్టలో ఒక గోతం ఉంది... ఒకే ఒక్కటి.

దొంగతనానికి వచ్చినాడు అన్నారు కొందరు. చచ్చినా తూకం మానలేదు అన్నారు ఇంకొందరు. ఏ మాటైనా ఆయన పెళ్ళాం రెబెక్కమ్మ చెవిన పడక తప్పలేదు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. తల కూడా దించలేదు. ఉప్పుతట్టలు మోసి కొడుకుని చదివించుకుంది.

తర్వాత మణుగులు పోయి కిలోలొచ్చినాయి.

కొడుకు క్రీస్తురాజు అప్పటికి ఆ కొటారులోనే గుమాస్తా. మద్రాసు నుంచి కొత్త కాటా దిగింది. మేనేజరు జయరామయ్య పాతదాన్ని వెంటనే విప్పించబోతే క్రీస్తురాజు అడ్డం పడినాడు.

"తొందరపడబాకండి సార్. మోసే ఆడోళ్ళ కూలి, పడవోళ్ళ బాడిగ అన్నీ ఈ ముల్లు మీదే ఉండేది. తప్పు తూగితే అందరి పొట్టా కొట్టినట్టే. ముందు పరీక్ష చేద్దాం."

పరీక్ష ఎట్టా చెయ్యాలో కూడా అతనే వరస పెట్టినాడు. మొదట ఉత్త కాటా ముల్లు నిలబడాల. ఆనక అదే గోతం పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ ఒక్కతీరుగా తూగాల. ఆఖరికి, బరువు పెట్టి రాత్రంతా వదిలేసినా ముల్లు కదలగూడదు. ఇవన్నీ నెగ్గిందాకా పాత కాటా అక్కడే ఉంటుంది. కొత్తది తప్పితే ఆ పూటకే పాతదానికి మళ్ళుకోవచ్చు.

మొదటివి రెండూ నెగ్గినాయి.

మూడోది మాత్రం... పొద్దు గూకేటప్పుడు ఒక తట్టలో ఉప్పుగోతం, రెండో తట్టలో ఇనపగుండ్లు పెట్టి, ముల్లు సరిగ్గా మధ్యకి తెచ్చి, తాళమేసి పోయినాడు. తెల్లారి తలుపు తీస్తే గోతమున్న తట్ట కిందికి దిగి ఉంది. తాళం వేసినట్టే ఉంది. గుండ్లు పెట్టినచోటే ఉన్నాయి. మర్నాడు మళ్ళీ పెట్టినాడు. మళ్ళీ దిగింది.

ఇంకేముంది, కాలువ పొడుగునా అదే మాట.

"ఏమ్మే రెబెక్కా, మీ ఆయనకి కిలోలు రావంటగా! రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకుంటున్నాడంట!" అని ఉప్పు మోసే పెంచలమ్మ నవ్వింది. నవ్వి, కొత్త కాటా జోలికి రానని తన మోత తట్ట బోర్లించింది. ఆమె వెనక మిగతావాళ్ళూ బోర్లించినారు.

జయరామయ్య క్రీస్తురాజుని పిలిచి ఒక్కమాటే అన్నాడు. "రేపు పొద్దున పడవోళ్ళ ముందర తలుపు తీద్దాం. తట్ట దిగి ఉందా... మీ నాయన పోయిన దోవే నీదీను."

ఆ రాత్రి క్రీస్తురాజు సంగటి ముద్ద కలిపి అట్టే కూర్చున్నాడు.

"అమా... నిజంగా నాయనేనా?"

ఎన్నేళ్ళుగానో ఊరంతా అన్నా బెదరని మనిషి, కొడుకు నోట ఆ మాట వినగానే చేతిలో గరిటె కింద పెట్టేసింది.

"బతికుండగా తట్టని వేలితో తాకి ఎరగడు మీ నాయన" అంది. "తిని పడుకో."

కొడుకు పడుకున్నాక చొక్కా జేబులో తాళంచెవి తీసుకుంది. లాంతరు పట్టుకుంది. కాలువగట్టెక్కింది.

తూర్పుగాలి తిరిగింది. సముద్రం మీదనుంచి చెమ్మ మోసుకొచ్చి మొహాన కొడతా ఉంది. వాకిట్లో నిలబడి ప్రార్థన చేసుకోబోయింది. మాటలు గుర్తు రాలేదు. తాళం తీసి తలుపు తోసింది.

తెల్లగా ఉప్పుకుప్ప. దాని ముందర, దూలానికి వేలాడతా కొత్త కాటా, సాయంత్రం కొడుకు పెట్టిన గోతంతో. ముల్లు మధ్యలోనే ఉంది. రెబెక్కమ్మ దాని ఎదురుగా చతికిలబడింది.

ఎంతసేపు కూర్చుందో... తలుపు సందులోంచి గాలి విసురుగా వచ్చింది. లాంతరు ఆరిపోయింది.

చీకటి. అగ్గిపెట్టె తేలేదు.

అప్పుడు వినబడింది.

కిర్ర్...

ఆగింది. రెబెక్కమ్మ చెవి అటు పెట్టింది.

కిర్ర్... ర్ర్...

గొలుసు కదిలింది. తట్ట దిగతా ఉంది... ఎవరో తొందర లేకుండా, అరచేత్తో నొక్కుతున్నట్టు.

లేచి పారిపోవచ్చు. వాకిలి వెనకే ఉంది. కానీ ఆమె ముందుకే నడిచింది.

"ఏమయ్యా" అంది. ఇంకో అడుగేసింది. మళ్ళీ అంది. "ఏమయ్యా, నువ్వేనా? నువ్వైతే విను. నిన్ను దొంగ అన్నారు, పడినా. దెయ్యమన్నారు, పడినా. బిడ్డ కూటి మీద చెయ్యి పెడితే మాత్రం పడను. తియ్యి చెయ్యి!"

కిర్ర్...

చెయ్యి చాపింది. తట్టలో... చల్లగా, తడిగా తగిలింది. వానలో తడిసిన మనిషి ఒళ్ళు ఎట్టుంటుందో అట్టా. ఆ పొద్దు కుప్పకిందనుంచి తీసి పడుకోబెట్టినప్పుడు ఆయన ఒళ్ళు అట్టానే ఉంది. ఆ తడి ఆమె చేతులకి బాగా గుర్తు.

కెవ్వుమనాల్సింది. అనలేదు. రెండు చేతులా వాటేసుకుంది.

"రా! ఈ పొద్దు నిన్ను వదిలేది లేదు. తెల్లారి అందరి ముందరా చెప్పు... చెయ్యనిది చెయ్యలేదని చెప్పు!"

వెనక అడుగుల చప్పుడు.

వాకిట్లో వెలుతురు పడింది. "అమా!" లాంతరుతో క్రీస్తురాజు. పక్క మీద తల్లి లేకపోయేసరికి పరుగెత్తుకొచ్చినాడు.

వెలుతురులో చూసుకుంటే ఆమె చేతుల్లో ఉన్నది ఉప్పుగోతం. చెమట పట్టిన మనిషిలా కారతా ఉంది.

క్రీస్తురాజు దగ్గరికొచ్చి గోతం తడిమినాడు. చెయ్యి చూసుకున్నాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు.

"తూర్పుగాలి! ఉప్పు చెమ్మ తాగి బరువెక్కిందమా. చేతికి దొరికిందని ఉప్పుగోతాన్నే పెట్టినా. ఇంట్లో ఉప్పుజాడీ నీరు కారేది రోజూ చూస్తానే ఉన్నా గదా... అందరూ నాయన నాయన అంటా ఉంటే నాకూ ఇంకోటి తోచలా."

రెబెక్కమ్మ నవ్వలేదు. గోతం వదల్లేదు.

"అయితే... మీ నాయన సాయంత్రం తూచిన గోతాలు?"

క్రీస్తురాజు అవీ ఇట్టానే బరువెక్కుంటాయని తలూపినాడు.

"ఆయన పోయిన రాత్రి కాటా తట్టలో ఒక గోతం ఉండింది" అంది మెల్లగా. "దొంగిలించేవాడు తూకమేసుకుంటాడా అబ్బయా?"

ఇద్దరూ ఉప్పుకుప్ప దిక్కు చూసినారు. ఆ రాత్రి ఆయన ఎందుకొచ్చినాడో, ఏ తట్ట దిగుతుందని కనిపెట్టుకుని చీకట్లో ఇక్కడే కూర్చున్నాడో... అది వాళ్ళకి ఆ క్షణానే తెలిసింది.

గోతం దించినారు. దాని చోట చెమ్మ తాగని లంగరు గొలుసు పెట్టి, గుండ్లు సరిచేసి, ముల్లు మధ్యకి తెచ్చినారు.

తెల్లారి జయరామయ్య వచ్చినాడు. పడవోళ్ళొచ్చినారు. పెంచలమ్మ అందరికీ వెనకనుంచి తొంగిచూసింది. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. చెమ్మ సంగతి క్రీస్తురాజు వివరంగా చెప్పినాడు. వాళ్ళ నాయన తూకం సంగతీ చెప్పినాడు.

జయరామయ్య మొదటిది విన్నాడు. రెండోది విననట్టే నవ్వేసినాడు. "సరేలే. మొత్తానికి పోలేరయ్య పోయినాడన్నమాట!"

"ఎక్కడికీ పోలేదయ్యా."

అందరూ తిరిగి చూసినారు. రెబెక్కమ్మ మూలనున్న పొడి ఉప్పుగోతాన్ని ఈడ్చుకొచ్చింది. అందరూ చూస్తుండగా పాత కాటా తట్టలోకెక్కించింది.

"ఆయన తూచిన కాటా ఇదే. ముల్లు మధ్యకి తెచ్చి ఈ రాత్రికి మీరే కూర్చోండి. ఆయన ఏం చూసేదానికి వచ్చినాడో మీరూ చూద్దురు. చూసి, రేపు ఇక్కడే నిలబడి ఊరికి చెప్పండి."

జయరామయ్య నవ్వు ఆగిపోయింది. పడవోళ్ళలో ఎవరూ కదల్లేదు.

ఆమె తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. లాంతరు మాత్రం తనే తీసుకుపోయింది.