కూపీ చూపించని పేజీ

చక్రాల కుర్చీలోంచి బైండింగత్త లేచి నిలబడింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ గేటు దాకా నడిచింది. గడియ పెట్టి, అలాగే నడుచుకుంటూ వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

మేడ మెట్ల మీద హోంవర్క్ చేసుకుంటున్న కూపీ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. అత్త నడవడం చూడ్డం ఇది మూడోసారి.

కూపీ అసలు పేరు వేరే ఉంది. ఇంట్లో ఎవరేం దాచినా కూపీ లాగేస్తుందని నాన్న పెట్టిన పేరిది. వయసు పదేళ్ళు, అనుమానాలు మాత్రం నూరేళ్ళకు సరిపడా.

కింది వాటాలో ఉండే అత్త ఒకప్పుడు ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేసేది. కండరాల జబ్బు వచ్చాక ఆ పని మానేసింది. ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల పెన్షన్‌తోనే ఆవిడకు ఇల్లు గడుస్తోంది. కూపీ నోట్‌బుక్ కూడా అత్త కుట్టి ఇచ్చిందే.

'నడవగలిగితే కుర్చీ ఎందుకు? కుర్చీ అక్కర్లేకపోతే పెన్షన్ ఎందుకు? ఇందులో ఏదో తిరకాసు ఉంది' అనుకుంది కూపీ. నోట్‌బుక్ ఎడమ పేజీలో రాసుకుంది: 'మంగళవారం సాయంత్రం. గేటు దాకా నడిచింది.'

మర్నాడు పొద్దున అత్త తలుపు తీయలేదు. పాల ప్యాకెట్ గుమ్మంలోనే పడి ఉంది. కూపీ స్కూలు నుంచి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. కుడి పేజీ పేరు 'మిగతా అనుమానాలు'. అందులో ఇదీ రాసింది.

శనివారం మెడలో కార్డు వేసుకున్న ఒకాయన వచ్చాడు. పెన్షన్లు తనిఖీ చేసే ఆఫీసరట. అత్త ఆసుపత్రికి వెళ్ళింది. తాళం చూసి ఆయన మెట్ల మీదున్న కూపీ వైపు తిరిగాడు.

"పాపా, కింద ఉండే ఆవిడ నడవడం ఎప్పుడైనా చూశావా?"

"చూశాను సార్. మూడుసార్లు. రాసి కూడా పెట్టాను."

ఆయన ఎడమ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. తెలివైనదానివన్నాడు. ఆ రోజంతా కూపీ కాళ్ళు నేల మీద ఆనలేదు.

పది రోజులకు అత్తకు ఉత్తరం వచ్చింది. అమ్మ కిందికి వెళితే కూపీ కూడా వెంట వెళ్ళింది.

"పెన్షన్ ఆపేశారు వదినా. నేను నడుస్తున్నానని ఎవరో చెప్పారట. సోమవారం ఆఫీసుకు వచ్చి జవాబు చెప్పుకోమన్నారు" అంది అత్త.

"ఎవరంటావు?" అంది అమ్మ.

"ఎవరో. నడుస్తాను, కాదన్లేదే. ఒంట్లో కాస్త బాగుంటే నాలుగడుగులు వేస్తాను. మర్నాడు మంచం మీంచి లేవలేను. ఫారంలో అది రాయడానికి చోటేదీ? నడవగలరా అంటే అవును, కాదు. అంతే."

పగలే కిటికీకి తెర వేసి ఉంది. అత్త అటు చూసి గొంతు తగ్గించింది. "ఇప్పుడు కింద పడిన దారపుండ తీసుకోవాలన్నా భయమేస్తోంది. ఎవరు చూస్తున్నారో తెలీదు. పాలు వేసే ఆయన్ని కూడా అనుమానిస్తున్నాను. ఈ పెన్షన్ పోతే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే."

కూపీ తేలు కుట్టిన దొంగలా మేడ ఎక్కి నోట్‌బుక్ తెరిచింది. ఎడమ పేజీలో మూడు నడకలు ఉన్నాయి. కుడి పేజీలో, సరిగ్గా ఆ మర్నాళ్ళే, మూడు పాల ప్యాకెట్లు ఉన్నాయి. అన్నీ తను రాసినవే. మూడుసార్లూ అనుమానపడింది కానీ, ఒక్కసారైనా వెళ్ళి తలుపు కొట్టలేదు. కూపీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

వెంటనే నోట్‌బుక్ పట్టుకుని కిందికి దిగింది.

"అత్తా, చెప్పింది నేనే."

అత్త నోట్‌బుక్ తీసుకుని, తను వేసిన కుట్టును వేలితో తడిమింది. "ఇది కుట్టిచ్చినప్పుడు బొమ్మలు వేసుకుంటావనుకున్నాను" అంది.

తిట్టినా బాగుండేదనిపించింది కూపీకి. "సోమవారం నేనూ వస్తాను. కుడి పేజీ చూపిస్తాను" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

సోమవారం అత్త, అమ్మలతో ఆఫీసుకు వచ్చిన కూపీని ఆఫీసరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నడుస్తుందని చెప్పింది నువ్వేగా. ఇప్పుడు మాట మారుస్తున్నావా?"

"లేదు సార్. అప్పుడు సగమే చూపించాను."

ఆయన కుడి పేజీ చదివాడు. "ఇదంతా మీ అత్త చెబితే నిన్న రాశావేమో."

కూపీ మూడో లైను మీద వేలు పెట్టింది. 'తలుపు తీయలేదు. లోపల ఏదో దాస్తోంది.'

"అత్త చెబితే ఇలా ఎందుకు రాస్తాను సార్? అప్పుడు నేను కూడా మీలాగే అనుమానపడ్డాను."

అమ్మ కూపీ చెయ్యి గిల్లింది. ఆఫీసరు మాత్రం ఆ పేజీకి కూడా ఫొటో తీసి, డాక్టరు రిపోర్టు తెప్పించమని రాశాడు.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. పెన్షన్ మళ్ళీ ఇస్తామని అందులో ఉంది. ఆ సాయంత్రం అత్త కిటికీ తెర తీసి, గోడ పట్టుకుని గేటు దాకా నడిచింది.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ గుమ్మంలోనే ఉంది. కూపీ నోట్‌బుక్ తీయలేదు. బ్యాగు మెట్టు మీద పెట్టి తలుపు కొట్టింది.

"అత్తా, నేనే. నువ్వు లేవకు. ఇంకో తాళంచెవి ఎక్కడుందో చెబితే పాలు లోపల పెట్టి వెళ్తాను."

కూపీ అక్కడే నిలబడింది.

"పూలకుండీ కింద ఉంది చూడు" అంది అత్త.