నాచు మేడం

"తలుపు తీయొద్దన్నానా లేదా?"

ల్యాబ్ ఫ్రీజర్ తలుపు సగం తెరిచిన మెకానిక్ వెనక్కి తిరిగి చూశాడు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిప్పులు కక్కుతోంది.

"తలుపు రబ్బరు పోయిందండీ. తీయకుండా బాగుచేయడానికి నేను మెకానిక్‌ని, మంత్రగాణ్ణి కాదు."

"మా రెండేళ్ల కష్టం ఉందందులో!"

"ఈ పాచినీళ్ల సీసాలేనా?"

"పాచి కాదు. సముద్రపు నాచు నుంచి తీసిన సారం. అల్జీమర్స్‌కి పనికొస్తుందేమోనని చూస్తున్నాం."

రబ్బరు ఊడదీస్తున్న చెయ్యి ఆగిపోయింది. "మా నాన్నకి అదే జబ్బు. ఒక్క సీసా ఇస్తారా?"

"ఇవ్వలేను. ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాం. వాటిలోనూ కొన్నిటికే గుణం కనిపించింది. మనుషుల దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది."

"మా నాన్నకి అంత టైం లేదు మేడం."

అతను కొత్త రబ్బరు బిగించి, సామాన్ల సంచి సర్దుకున్నాడు.

"పర్లేదు లెండి. జ్ఞాపకశక్తికి మంచిదని బజార్లో నాచు పొడి అమ్ముతున్నారుగా. రోజూ రెండు చెంచాలు పాలల్లో కలిపి పట్టిస్తున్నా."

ఆమె ముఖం పాలిపోయింది. "ముందు అది ఆపండి! నాచులో అయోడిన్ ఎక్కువ. థైరాయిడ్ పాడైతే గుండెదడ పట్టుకుంటుంది. ఆ డబ్బా నేను చూడాలి. మీ ఇల్లెక్కడ?"

చిన్న సీసా ఇవ్వనన్న మనిషి, ఆ సాయంత్రమే వానలో సగం తడిసి గుమ్మంలో నిలబడుతుందని అతను అనుకోలేదు. డబ్బా మీద రాసింది చదివి, పొడంతా చెత్తబుట్టలో వంపేసింది. రేపే రక్తపరీక్ష చేయించమని మరీ మరీ చెప్పింది.

కిటికీ పక్కన కుర్చీలో ఉన్న తండ్రి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవర్రా ఈ అమ్మాయి?"

"ల్యాబ్ మేడం, నాన్నా."

కాసేపటికి మళ్లీ, "ఎవర్రా ఈ అమ్మాయి?"

"పొద్దున నన్ను చెడామడా తిట్టిన మేడం."

ఆమె నవ్వింది. అతను డబ్బా సంగతి మర్చిపోయాడు.

పరీక్షలో థైరాయిడ్ కాస్త తేడాగా వచ్చింది. పొడి మానేశాక దారికొచ్చింది. అది కనుక్కోవడానికని ఆమె రెండుమూడుసార్లు వచ్చింది. తర్వాత ఏ వంకా లేకుండానే రాసాగింది. వచ్చినప్పుడల్లా పెద్దాయన అదే అడిగేవాడు. కొడుకు ఒకసారి "ఫ్రెండు" అనేవాడు, ఒకసారి "నాచు మేడం" అనేవాడు. ఆమె పక్కన లేకపోతే మాత్రం జవాబు వేరేగా ఉండేది.

ఒకనాటి సాయంత్రం ఆమె టీ పెడతానని వంటింట్లోకి వెళ్లింది.

"ఎవర్రా ఈ అమ్మాయి?"

అతను గొంతు తగ్గించాడు. "నాకు నచ్చిన అమ్మాయి నాన్నా. పెళ్లంటూ చేసుకుంటే ఈమెనే."

"ఆ అమ్మాయితో చెప్పావా?"

"లేదు. ఆమె చదువెక్కడ, నా స్క్రూడ్రైవరెక్కడ?"

కప్పుల చప్పుడైంది. ఆమె గుమ్మంలో ఉంది.

"ఆయనతో ఎన్నోసారి చెప్పడం ఇది?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "లెక్క పెట్టలేదండీ."

"మర్చిపోయే మనిషికి ఇన్నిసార్లు చెప్పారు. గుర్తుపెట్టుకునేదాన్ని నేనున్నానుగా, నాతో చెప్పొచ్చుగా?"

అతను లేచి నిలబడ్డాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె టీ కప్పులు బల్ల మీద పెట్టింది. "ఒక్కమాట. మా మందు ఫలిస్తుందో లేదో తెలీదు. ఫలించినా మీ నాన్నగారికి అందకపోవచ్చు. ఆ ఆశతో అయితే వద్దు."

"ఆ సంగతి మొదటిరోజే చెప్పారుగా. నేను మీ కోసమే అడుగుతున్నా."

"అయితే సరే."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎవర్రా ఈ అమ్మాయి?"

ఈసారి ఆమే ఆయన కుర్చీ పక్కన కూర్చుని చెప్పింది. "మీకు కాబోయే కోడల్నండీ."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ముందే చెప్పొద్దట్రా, వెధవా!" అని కొడుకు వీపు మీద చరిచి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ సాయంత్రం ఆయన అడుగుతూనే ఉన్నాడు, వాళ్లు చెబుతూనే ఉన్నారు. ఆయన సంతోషం ఒక్కసారి కూడా తగ్గలేదు.