పది నిమిషాల్లో చెయిన్లు

"నాకు ఆ ఎర్రది కావాలి," అంది ఆ అమ్మాయి, షెడ్డులో అన్నిటికన్నా ఎత్తుగా, ధగధగా మెరుస్తున్న బండిని చూపిస్తూ.

"అది ఇవ్వను," అన్నాడతను.

అద్దె బండ్ల యార్డు పెట్టుకుని బండి ఇవ్వననే మనిషిని చూడటం ఆమెకు అదే మొదటిసారి. భుజం మీది బ్యాగు దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం? ఆడపిల్లని, కొండ ఎక్కలేననా?"

"మగవాళ్ళకీ ఇవ్వనండి. పైన పటారం, లోన లొటారం ఆ బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి, కాదనను. కానీ మంచులో ఎక్కడం ఒక ఎత్తు, దిగేటప్పుడు ఆగడం ఒక ఎత్తు. ఆపాల్సింది టైరు. దానికి ఉన్నవి ఎండాకాలం టైర్లు. మంచు టైర్లు ఇంకా రాలేదు."

"మరి మంచు టైర్లు ఉన్నది ఏది?"

అతను మూలకు చూపించాడు. బూడిద రంగు చిన్న బండి. ఎడమ తలుపు మీద ఇంత పొడుగు గీత.

"అయ్యో పాపం! దీన్ని ఇంకా రిటైర్ చెయ్యలేదా?"

"పోయిన చలికాలం పదకొండుసార్లు పైకి వెళ్ళొచ్చింది. ఒక్కసారి కూడా ఎవరి చేతా తోయించుకోలేదు."

ఆఫీసు గది కిటికీలోంచి అతని తల్లి తల బయట పెట్టింది. యార్డు ఆవిడదే. "ఒరేయ్, బండి సంగతి తర్వాత. ముందు ఆ పిల్ల ఏ పని మీద వెళ్తోందో అడగరా."

అడిగాడు. ఆమె కాన్పులు చేసే నర్సు. కొండపై ఊళ్ళో ఉన్న చిన్న ఆసుపత్రిలో నర్సుకి చెయ్యి విరిగిందట. ఆ స్థానంలో వసంతం దాకా ఈమెని వేశారు. అక్కడ ఒక తొలిచూలు గర్భిణికి నెలలు నిండాయి. ఎంత లేటైనా శనివారానికల్లా ఈమె పైన ఉండాలి. ఇవాళ మంగళవారం.

"అయితే ఇంకో మాటండీ," అన్నాడతను తల గోక్కుంటూ. "మా దగ్గర ఒక పద్ధతుంది. మంచులోకి వెళ్ళేవాళ్ళు ఈ యార్డులోనే ముందు చక్రాలు రెండింటికీ, జారకుండా టైర్ల చుట్టూ బిగించే ఇనప చెయిన్లు వేసి చూపించాలి. పది నిమిషాల్లో. అప్పుడే తాళం."

ఆ పద్ధతి అతను ఊరికే పెట్టలేదు. మూడేళ్ళ కిందట ఒక జంట చెయిన్ల ప్యాకెట్ విప్పడం కూడా తెలియక, దాన్ని డిక్కీలో పెట్టుకుని మంచులో తెల్లార్లూ వణికారు. అప్పటినుంచి ఎవరొచ్చినా చేతి వాచీ చూసుకుంటూ పక్కన నిలబడతాడు. వీధిలో అందరూ అతన్ని గడియారం అంటారు.

"నా చేతులు ఎంతమంది పిల్లల్ని ఈ లోకంలోకి తెచ్చాయో తెలుసా? ఇదో లెక్కా?" అంటూ ఆమె స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుంది.

లెక్కే అయింది. ఇరవై మూడు నిమిషాలు పట్టింది. చెయిన్ ఒకటి తిరగబడింది, గ్లౌజు చిరిగింది, బుగ్గ మీద గ్రీజు అంటింది. ఆ సంగతి అతను చెప్పబోయి మానేశాడు. ఆ గ్రీజుతో ఆమె ఇంకా బాగుందనిపించింది.

బుధవారం పదహారు నిమిషాలు. సన్నగా వాన పడుతున్నా ఆమె లేవలేదు. అతనే గొడుగు పట్టాడు. గొడుగు ఆమెకు, వాన అతనికి.

"గడియారం గారూ, తడిస్తే ఆగిపోతారేమో!"

"వాటర్‌ప్రూఫ్ అండీ."

కిటికీలో వాళ్ళమ్మ ముసిముసిగా నవ్వుకుంది.

గురువారం పన్నెండు. పని అయ్యాక ఇద్దరూ బూడిద బండిలో కూర్చుని టీ తాగారు. మొదటి కాన్పు చేసిన రోజున తన చేతులు ఎంత వణికాయో ఆమె చెప్పింది. "పెద్ద నర్సమ్మ నా వెనక నిలబడి, నీ చేతుల్ని నమ్మవే అంది. ఆ ఒక్క మాటతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను."

శుక్రవారం సాయంత్రం ఆమె రెండో చెయిన్ కొక్కెం బిగించి లేచేసరికి వాచీలో సరిగ్గా తొమ్మిది నిమిషాలు.

అతను జేబులోని తాళం తడుముకున్నాడు. తాళం ఇస్తే రేపు వెళ్ళిపోతుంది. నాలుగు రోజుల పరిచయానికి ఏ వంక పెట్టుకుని కొండెక్కి పలకరిస్తాడు?

"పదకొండు," అన్నాడు.

ఆమె మొహం వాడిపోయింది. దెబ్బలాడుతుందనుకున్నాడు. ఆడలేదు. తన చేతులకేసి ఒకసారి చూసుకుని, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నే వస్తే తాళం చేతికిచ్చేద్దామని గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆమె రాలేదు. వాళ్ళమ్మ వచ్చింది.

"నీ నర్సమ్మ పక్క వీధి షాపులో బండి తీసుకుని ఇందాకే వెళ్ళిందట. మన ఎర్రదానిలాంటిదే, ఎండాకాలం టైర్లతో. పరీక్షలూ గిరీక్షలూ వాళ్ళు పెట్టరుగా! అయినా నాకు తెలియక అడుగుతాను, నిన్న ఆ పిల్ల అంత చకచకా వేస్తే పదకొండు ఎలా అయిందిరా?"

అతను తల దించుకున్నాడు.

"నువ్వు పద్ధతి పెట్టింది మనుషులు క్షేమంగా ఉండాలని. దాన్నే అడ్డం పెట్టుకుని ఆ పిల్లని ఆ టైర్ల మీద కొండెక్కించావు. నిలబడి చూస్తావేం? పరిగెత్తు!"

బూడిద బండి ఎప్పుడూ అంత వేగంగా యార్డు దాటలేదు.

కొండ దారి మొదట్లో, చెక్‌పోస్టు గేటు దగ్గర బండ్ల వరసలో దొరికింది ఆమె. అప్పటికే మంచు పడుతోంది. అతను అద్దం మీద కొట్టాడు.

"మళ్ళీ పరీక్షా?" అంది ఆమె అద్దం దించి.

"కాదండీ. నిన్న మీకు పట్టింది తొమ్మిది నిమిషాలే. నేను అబద్ధం చెప్పాను."

ఆమె బండి దిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకు రాత్రంతా నిద్ర లేదు. చెయిన్ వెయ్యడమే రాని చేతులతో పైన ఒక్కదాన్నే కాన్పు ఎలా చేస్తానని. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఎందుకు చెప్పారు?"

"తాళం తీసుకుంటే మీరు వెళ్ళిపోతారని. మీరంటే నాకు ఇష్టమని. అది చెప్పే ధైర్యం లేక అబద్ధం చెప్పాను. క్షమించమని అడగను. కానీ ఆ టైర్లతో మాత్రం వెళ్ళకండి."

వెనక బండివాడు హారన్ మోగించాడు. ఆమె అతని చేతిలోంచి తాళం లాక్కుంది, బ్యాగు మార్చింది, బూడిద బండి ఎక్కింది. చూస్తుండగానే మలుపు తిరిగి మంచులో కలిసిపోయింది. ఆమె వదిలిన బండిని అతనే తోలుకెళ్ళి పక్క వీధి షాపులో అప్పగించాడు.

తర్వాత మూడు రోజులూ అతను యార్డులో ఉన్నాడన్న పేరే గానీ ప్రాణమంతా కొండ మీదే ఉంది.

మంగళవారం ఫోన్ మోగింది. వాళ్ళమ్మ ఎత్తింది. "ఆఁ... ఆడపిల్లా? తల్లీ బిడ్డా క్షేమమేనా? చల్లగా ఉండు తల్లీ!" అని కళ్ళు ఒత్తుకుంటూ ఫోన్ కొడుక్కి అందించింది.

"దారిలో ఇబ్బంది పడ్డారా?" అన్నాడతను.

"మీ ముసలి బండి బంగారమండీ."

"నా మీద కోపం పోయిందా?"

"పోలేదు. అంత తేలిగ్గా పోదు కూడా. కానీ ఎదురుగా మనిషి లేకుండా కోపం తీర్చుకోవడం నా వల్ల కావట్లేదు. ఆదివారం నాకు డ్యూటీ లేదు."

అతను ఫోన్ చేత్తో మూసి అమ్మకేసి చూశాడు.

"నన్ను చూస్తావేంరా," అంది ఆవిడ. "వస్తానని చెప్పు."