తొవ్వ తప్పిన మందు

వానకు తడిసి ముద్దై స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చిన కాలేబుకు తన కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి కనిపించింది.

"మేడం, గా కుర్చీ నాది."

"పేరు రాసి లేదు గద సార్?"

"రాస్తె లేస్తరా?"

"రాసినంక చూద్దాం."

నారాయణఖేడ్‌లోని ఆ జూనియర్ కాలేజీలో అతను బోటనీ లెక్చరర్. ఆమె లిదియా, కొత్తగా చేరిన కెమిస్ట్రీ లెక్చరర్. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి వచ్చిందని అందరికీ తెలుసు. ఎందుకు వదిలిందో అడిగింది మాత్రం కాలేబు ఒక్కడే.

"ఎమ్మారై స్కాన్ చేసేటప్పుడు నరంల ఓ మందు ఎక్కిస్తరు. అది ఒళ్లంత తిరుగుతది. నేను చేసిన మందు క్యాన్సర్ గడ్డను గుర్తుపట్టి దానికే అతుక్కోవాలె. అట్లయితే శెనగగింజంత గడ్డ కూడ తెల్లగ మెరుస్తది."

"మరేమైంది?"

"ఎలుకలకు ఎక్కిస్తె, గడ్డను ఇడిసిపెట్టి సక్కగ కిడ్నీలకు పోయింది."

"పాపం, తొవ్వ తప్పింది!"

లిదియా ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు కాలేబు తొవ్వ తప్పాడు.

ఆ తర్వాత చాయ్ ఇద్దరూ కలిసే తాగేవారు. ఒకరోజు ఆమె గైడ్ ఫోన్ చేశారు. మందులో గడ్డను పట్టుకునే ముక్కను మార్చి చూద్దాం, రమ్మన్నారు. రానంది లిదియా. ఇక ఇక్కడే ఉండిపోతుందని కాలేబు మనసు గంతులేసింది. కానీ ఆమె చాయ్ చల్లారిపోయేదాకా కాగితం మీద ఆ కొత్త ముక్క బొమ్మే గీస్తూ కూర్చుంది.

"పో లిదియా," అన్నాడు ఉండబట్టలేక.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "పంపనీకి గంత జల్దీ ఏంది? నేనంటె విసుగొచ్చిందా?"

"నువ్వుంటె నాకు రోజూ పండుగే. గని నువ్విట్ల పరేషాన్ అయితుంటె చూడలేను. నువ్వంటె ఇష్టం, అందుకే పొమ్మంటున్న."

ఆమె ఆ బొమ్మ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. మర్నాడు హైదరాబాద్ బస్సెక్కింది.

మరుసటి వానాకాలం ఓ ఆదివారం, చర్చి నుంచి వస్తున్న కాలేబుకు గేటు దగ్గర లిదియా, ఆమె తండ్రి పీటర్ ఎదురయ్యారు. ఆమె ఫోన్ చూపించింది. నల్లటి స్కాన్ బొమ్మలో ఒక ఎలుక, దాని తొడ దగ్గర తెల్లగా వెలుగుతున్న చుక్క.

"అతుక్కుంది కాలేబూ! మనుషుల దాక రానీకి ఇంక శాన ఏండ్లు పడతది. గని అతుక్కుంది!"

కాలేబు కళ్లు చెమర్చాయి. ఆ బొమ్మనే చూస్తూ నిలబడ్డాడు.

పీటర్ ఆగలేకపోయాడు. "ఎంతసేపు ఎలుకనే చూస్తవయ్యా? నా బిడ్డ గీ వానల ఎందుకొచ్చిందో అడగవా?"

"ఎందుకొచ్చినవ్?"

"పొమ్మన్నోడు రమ్మంటడేమో అని," అంది లిదియా, గొడుగు అతని మీదికి జరుపుతూ.

"రా," అన్నాడు కాలేబు.