పాత పోగుకు కొత్త పోగు

ఆ ఆదివారం మధ్యాహ్నం పవర్‌లూమ్‌లు ఆగిపోయి గల్లీ అంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దంగా ఉంది. వారమంతా గోడలు అదిరేలా మోగే మగ్గాలు లేకపోతే సూరత్‌లో ఆ పేటవాళ్లకు ఏమీ తోచదు. బయట ముసురు పట్టింది. ఖాడీ కాలువ మురుగు వాసన మెట్లెక్కి మూడో అంతస్తు గదిలోకి వచ్చింది. పగలే లైటు వేసుకుని కరుణ చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె మరిది రఘుపతి చాప మీద చిన్న కంప్యూటర్ పెట్టె మూత విప్పి, లోపలి దుమ్మును బ్రష్షుతో దులుపుతున్నాడు.

ఆ పెట్టె కరుణ భర్త పరుశురాంది. సిరిసిల్ల నుంచి వచ్చి ఏళ్ల తరబడి మగ్గాలు నడిపినవాడు, పట్టుబట్టి చీరల అంచులు కంప్యూటర్‌లో గీయడం నేర్చుకున్నాడు. మొన్న ఎండాకాలంలో ఆ పెట్టె ముందే, మౌసు మీద చెయ్యి ఉండగానే గుండె ఆగి పోయాడు. మంచివాడే. కాకపోతే పట్టిన పని సగంలో వదలడం అతని ఒంట్లో లేదు. అన్నానికి పిలిస్తే "ఈ పువ్వు అయినంక" అనేవాడు. ఆ పువ్వు ఎప్పటికీ అయ్యేది కాదు. ఇప్పుడా పని కరుణ చేపట్టింది. ఆమెకు మిగిలింది ఆరేళ్ల కూతురు సింధూజ ఒక్కతే. ఆ పిల్ల కోసమే బతుకుతున్నానని అందరితో అనేది. అందులో అబద్ధమేమీ లేదు.

పెట్టె ముసలిదైంది. ఒక గీత గీస్తే, చాయ్ తాగి వచ్చేదాకా తెర కదలదు. అందుకే సలాబత్‌పురాలో బట్టల కొట్ల కంప్యూటర్లు చూసే రఘుపతిని రమ్మంది. అతను కొత్త ర్యామ్, కొత్త డిస్కు తెచ్చాడు.

"వదినా, కొత్త డిస్కుల అంతా ఫ్రెష్‌గ ఎక్కిస్త. అన్న డిజైన్లు వేరేగ కాపీ కొడ్త. సాఫ్ ఉంటది."

"మరి పాతది?"

"పాతదాంట్ల ఏముంది వదినా? అంత కచరా."

కరుణ చేట పక్కన పెట్టింది. "మీ అన్న ఉంటే ఒప్పుకుంటుండెనా? నడిచే మగ్గం మీద పోగులు ఎవలన్న కోస్తరా? అతుకు. ఎట్లున్నది గట్లనే అతుకు."

మగ్గం పనివాళ్ల ఇళ్లలో ఈ మాటకు తిరుగు లేదు. బీముకు చుట్టిన నూలు అయిపోవస్తే పాత పోగులు కోసి పారేయరు. ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త కొస మెలిపెట్టి అతుకుతారు. పాతవే కొత్తవాటిని మగ్గంలోకి లాక్కొస్తాయి. అతుకులు దాటాకే పాత ముక్క కోస్తారు. కంప్యూటర్‌కు ఆ పద్ధతి ఎందుకని రఘుపతి అడగాల్సింది. నవ్వి ఊరుకున్నాడు.

"సరే, ఉన్నదున్నట్టు క్లోన్ చేస్త. జర ఆలస్యమైతది. నడుమల తెంపితే మాత్రం రెండు పోతయి వదినా. పాతది ముసలిదాయె, మల్ల లేవది, కొత్తది పోతది."

కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పాపం, కరుణ అది మొగుడికి చేసే మర్యాద అనుకుంది.

పాత డిస్కు తిరగడం మొదలుపెట్టింది. కిర్... కిర్... వేడెక్కిన దుమ్ము వాసన లేచింది. దాని వెనకే మగ్గం నూలుకు పట్టించే గంజి వాసన. ఇంట్లో గంజి పెట్టిన బట్టే లేదు. పక్కింటివాళ్లదేమో అనుకుంది కరుణ.

సింధూజ అప్పటిదాకా మంచం మీద గెంతుతోంది. మూడు భాషలు కలిపి గలగలా వాగే పిల్ల. "కాకా, ఇస్మే గేమ్ చలేగా క్యా? చెప్పు నా!" అని, అందులో ఆట నడుస్తుందో లేదో చెప్పమని చిన్నాన్న ప్రాణం తోడేసింది. క్లోన్ ఎంతైందో చూపే పచ్చ గీత తెర మీద కాస్త సాగేసరికి దిగి వచ్చి, తెర ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

తర్వాత మాట్లాడలేదు.

కరుణకు ముందు హాయిగానే అనిపించింది. ఆ పిల్ల నోరు మూసుకుంటే అదే పదివేలు. బియ్యం కడిగి వచ్చి చూసింది. సింధూజ చేతులు గాల్లో కదులుతున్నాయి. ఎడమచేత్తో కనిపించని కొస ఒకటి పట్టుకుంది. కుడిచేత్తో ఇంకొకటి. బొటనవేలు, చూపుడువేలు కలిపి చటుక్కున మెలి... మళ్లీ కొస... మళ్లీ మెలి...

పుట్టాక మగ్గాల కార్ఖానా గడప తొక్కని పిల్ల.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

వేళ్లు ఆగలేదు. మెలి మెలికీ పచ్చ గీత ఇసుమంత జరుగుతోంది.

కరుణ పిల్ల దగ్గరికి ఉరికింది. భుజాలు పట్టి లాగింది. చంకనెత్తుకునే పిల్ల... ఇసుమంత కూడా కదల్లేదు. ఒళ్లు చల్లగా ఉంది.

"రఘుపతీ... బంద్ చెయ్," అంది గొంతు తగ్గించి.

అతనూ ఆ వేళ్లనే చూస్తున్నాడు. "వదినా... అన్న గిట్లనే అతుకుతుండె."

"వైరు పీకు!"

"పీకితే... రెండు పోతయి."

డిస్కుల గురించే అన్నాడు. ఆ మాట నోరు దాటాక ఇద్దరికీ ఇంకోలా వినిపించింది. కరుణ తనే ప్లగ్గు పట్టుకుంది. పీకితే పిల్ల ఏమైపోతుంది? పీకకపోతే? తల్లి చెయ్యి కదా, పీకలేకపోయింది. బిడ్డకు ఏమవుతుందోనని భయపడి, బిడ్డకు అయ్యేదంతా చూస్తూ నిలబడింది.

గీత నిండింది.

వేళ్లు ఆగాయి. సింధూజ ఒళ్లు విరుచుకుంది. మమ్మీ అని పిలుస్తుందని కరుణ ఎదురుచూసింది. పిల్ల ఆమె వైపే చూడలేదు.

"తమ్మీ," అంది రఘుపతితో. గొంతు మాత్రం పిల్లదే. "అతుకు దాటింది. పాత ముక్క కోసెయ్."

చిన్నప్పటి నుంచి రఘుపతి అన్న మాటకు ఎదురు చెప్పి ఎరగడు. భయంలో ఆ అలవాటే పని చేసింది. ఏం చేస్తున్నాడో తెలిసేలోపే పాత డిస్కును తుడిచేయమని మీట నొక్కేశాడు. కిర్... కిర్...

పిల్ల గదంతా కలియజూసింది. మంచం. గోడ. తలుపు.

"కరుణా, సింధు ఏది? ఆడుకోను పోయిందా?"

కరుణకు ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత చూపు పాత డిస్కు మీద పడింది. అది తిరుగుతోంది. తుడుస్తోంది. సగం దాటింది... కొత్తదాంట్లోకి, పిల్ల ఒంట్లోకి, పరుశురాం వస్తే, పాతదాంట్లో మిగిలింది ఎవరు?

కెవ్వున అరిచి, దాని వైర్లు పెరికేసింది.

"గదేంది, పని నడుమల తెంపినవ్?" వెనక నుంచి పిల్ల గొంతు కసురుకుంది. కరుణ అటు తిరగలేదు. పాత డిస్కును రెండు చేతుల్లోకి తీసుకుంది. వైరు లేదు. కరెంటు లేదు. అయినా అరచేతుల్లో వెచ్చగా తిరుగుతూనే ఉంది. లోపలి నుంచి ఎవరో మెల్లగా తడుతున్నారు... ఆగారు... మళ్లీ తట్టారు.

చెవికి ఆనించుకుంది.

"సింధూ... బిడ్డా... నువ్వేనా?"

తట్టడం ఆగిపోయింది. ఆ తర్వాత ఒకేసారి, లోపల అన్ని మూలల నుంచీ తట్టారు. ఒక్క చెయ్యి కాదు. ఇంతకుముందు అతుకు దాటాక కోసేసినవాళ్లంతా అక్కడే ఉన్నట్టు, ఎన్నో చేతులు... పెద్దవీ, చిన్నవీ. వాటిలో తన బిడ్డది ఏదో కరుణ పోల్చుకోలేకపోయింది.