నలభై ఒక్క ఊపిరులు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... మనిషి నీడ కూడా కాళ్ళ కిందికి దూరి దాక్కునే వేళ! బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ గదిలో మాత్రం కారుచీకటి! కిటికీ అన్నది లేదు. నాలుగు గోడలకీ, తలుపుకీ జానెడు మందాన నల్లటి స్పాంజి పలకలు. గుడ్లగూబ కూసినా, పిడుగు పడినా లోపలికి వినపడదు. లోపలి కేక బయటికీ వినపడదు.

తలుపు సందులోంచి తొంగిచూసిన డీజేకి పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క నూనెదీపం మసక వెలుగులో, రెండు భారీ స్పీకర్ల నడుమ, పాట వినేవాడి తల ఉండాల్సిన చోట... ఒక కపాలం! కళ్ళ గుంతల నిండా బూడిద. నుదుట ఇంకా ఆరని రుధిరధార! దాని ఎదుట పద్మాసనం వేసుకుని మాస్టారు.

మాస్టారంటే పాఠాలు చెప్పే ఆయన కాదు. తయారైన పాటకి చివరి మెరుగు పెట్టే పనివాడు. ఎంతెంతవాళ్ళో ఆయన గుమ్మం ముందు పడిగాపులు పడేవారు. ఆయన చెయ్యి పడితే ఆ పాట ఊరూవాడా మోగాల్సిందే.

మన డీజే పాటలు మాత్రం ఏడేళ్ళపాటు ఎక్కడా మోగలేదు. హోటళ్ళ నేలమాళిగల్లో పదకొండు మందికి, అందులోనూ ఇద్దరు వెయిటర్లే, వాయించి వాయించి వేసారిపోయాడు. వాడి కడుపు నింపింది అక్క. అమ్మానాన్నలు పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి సాకింది. మిషను తొక్కుతూ ఆమె తీసే కూనిరాగాన్ని ఓ రోజు వాడు రికార్డు చేసి దాని కింద దరువు వేశాడు. రాగం శుభ్రంగా ఉండాలని, మధ్యమధ్య ఆమె పీల్చిన ఊపిరుల చప్పుడు కత్తిరించేశాడు. ఆ వృత్తిలో అందరూ చేసే పనే అది.

మాస్టారు పాట విని, "కత్తిరించిన ఊపిరులేవీ?" అన్నాడు.

"అవెందుకండీ? ఒట్టి చెత్త."

"చెత్త కాదు నాయనా. మొత్తం నలభై ఒకటి. నాకిచ్చెయ్, పాట సంగతి నేను చూసుకుంటా. ఏం... ఇచ్చినట్టేనా?"

"తీసుకోండి మాస్టారూ, దానికేం భాగ్యం!"

అంతే! మూడు నెలల్లో పదకొండు మంది కాస్తా ముప్ఫై వేలయ్యారు. ఇంట్లో అక్కకి మాత్రం మెట్లెక్కితే ఆయాసం... తర్వాత సూదిలో దారం ఎక్కించినా ఆయాసం! ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయన్నాడు డాక్టరు. ఓ సాయంత్రం ఆమె మంచం మీద విల్లులా వంగి, కనుగుడ్లు తేలేసి, మగగొంతుతో గర్జించింది: "ఇంకా... ఇంకా కావాలి!" అది మాస్టారి గొంతు! డీజే గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, ఆమెకి దుప్పటి కప్పి, షోకి టైమైపోతోందని వెళ్ళిపోయాడు. సిగ్గులేని పనే. ఆపైన మరో రెండు షోలు కూడా చేశాడు. ఇవాళ పొద్దున అక్క పెదాలు నల్లబడ్డాక గానీ వాడి కాళ్ళు ఈ గదివైపు కదల్లేదు.

స్పీకర్లలో ఆ పాటే మోగుతోంది. ఊపిరి కత్తిరించిన చోటు వచ్చినప్పుడల్లా కపాలం దవడలు కటకటలాడాయి! పళ్ళ సందుల్లోంచి తెల్లటి పొగ లేచి మాస్టారి నోట్లోకి సర్రున దూరింది. డెబ్భై ఏళ్ళ ముడతల మొహం నిగనిగలాడింది.

డీజే తలుపు తోసుకుని లోపలికి దూకాడు. "మా అక్కని వదిలెయ్యండి! లేకపోతే ఇవాళ్టినుంచి పాట ఆపేస్తా!"

మాస్టారు వికటాట్టహాసం చేశాడు. "ఆపరా! పాట ఆగితే ఈ కపాలంలో ఉన్న మీ అక్క ఊపిరి ఇందులోనే సమాధి! ఆ పాటలో కలిసిన ఊపిరి ఎవరిదైనా సరే, నా నోట్లోకే రావాలి. నా మంత్రం అలాంటిది! సాయంత్రం షోలో వాయించు. మీ అక్కని తెచ్చి నా ఎదుట కూర్చోబెట్టు. సగం ఊపిరి తిరిగిస్తా."

గడ్డిపోచ దొరికినా చాలనుకునే స్థితి వాడిది. నమ్మాడు.

సంధ్యవేళ... మైదానం మీద కాలమేఘాలు కమ్ముకున్నాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు! వేదిక వెనక, డీజేకి కనపడే చోట, కుర్చీలో అక్క. ఎదుట ఇంకో కుర్చీలో మాస్టారు, ఒళ్ళో నల్లగుడ్డ కప్పిన కపాలం. పాట మొదలైంది. ఒక్కో ఊపిరీ పోతోంది... ముప్ఫై... ముప్ఫై అయిదు... నలభై! అక్క కుర్చీలోంచి నేలకి ఒరిగింది. చేతివేళ్ళు రెండుసార్లు కొట్టుకుని ఆగాయి. సగం తిరిగివ్వడం అబద్ధం! అంతా అబద్ధం!

"అక్కా!" అని అరుస్తూ డీజే శబ్దం మీట కిందికి లాగేశాడు. స్పీకర్లు మూగబోయాయి. పాట ఆగితే ఊపిరి సమాధి అన్న మాస్టారి మాట అప్పుడు గుర్తొచ్చింది. పాట ఆపేశాడు... అక్కని తనే చంపేశాడు!

కానీ జనానికి అవేవీ తెలియవు. శబ్దం తగ్గించి జనం చేత పాడించడం డీజేలకి మామూలే కదా, ఇదీ అంతే అనుకున్నారు. ముప్ఫై వేల గొంతులు ఒక్కసారిగా అక్క కూనిరాగం అందుకున్నాయి. ఎవరూ లాక్కోని ఊపిరి... ఇష్టంగా, గుండెలనిండా పీల్చి పాటలో పోసిన ఊపిరి! పాటలో కలిసింది గనక అదంతా మాస్టారి నోటికే పరిగెత్తింది. ప్రచండ ఝంఝామారుతం!

"చాలు! చాలు! ఆపండి!" మాస్టారు నోరు మూసుకుందామంటే మూతపడదే! ఆయన రొమ్ము ఉబ్బింది... పక్కటెముకలు ఫెళఫెళా విరిగాయి... కపాలం తునాతునకలైంది! మరుక్షణం ఆయన కుర్చీలో ఉన్నది పిడికెడు బూడిద. తెల్లటి పొగ నేలమీదుగా పాకి అక్క ముక్కుపుటాల్లోకి చేరింది.

అక్క కళ్ళు తెరిచింది. డీజే ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ ఊపిరుల సంగతీ, మాస్టారి సంగతీ అంతా చెప్పేశాడు. ఆమె ఓపిగ్గా వింది.

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?"

"మూడు షోల ముందునుంచి... అక్కా."

అవతల ముప్ఫై వేలమంది ఈలలు వేస్తూ వాణ్ణి పిలుస్తున్నారు. మూడు నెలల తర్వాత మొదటిసారి అక్క నిండుగా ఊపిరి పీల్చుకుంది. నేలమీద చెయ్యి ఆనించి, వాడి సాయం లేకుండానే లేచి కూర్చుంది.

"వెళ్ళు మరి," అంది. "నీవాళ్ళు పిలుస్తున్నారు."