మామగారి గిటారు, అత్తగారి గొంతు

ఆ ఇంట్లో మామగారు గిటారు శ్రుతి చేసుకుంటే తెల్లవారినట్టు లెక్క. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆయన బస్సు మలుపు తిరగ్గానే వీధిలో వాళ్ళు గడియారాలు సరిచేసుకుంటారనీ, ఒకరోజు సూర్యుడు కాస్త ముందొచ్చేసి, తప్పయిపోయిందని మబ్బు చాటున నక్కి ఆయన బస్సు వచ్చాకే బయటపడ్డాడనీ డిపోలో చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది ఆయనే.

ఆ ఉదయం కూడా టీ గ్లాసు కిటికీలో పెట్టి, కోడలికి పాఠం మొదలుపెట్టారు. కొడుకు అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. కోడలికి మందుల దుకాణంలో ఒంటిపూట ఉద్యోగం, ఇంకా టైముంది.

"మామయ్యా, నేనెప్పటికి బిగినర్ని కాకుండా పోతాను?" అంది ఆ పిల్ల.

"తొందరేముందమ్మా?"

"చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి, జర్రుమనకుండా వాయిస్తే పాసన్నారు. వాయించాను. తీగల వైపు చూడకుండా వాయించాలన్నారు. అదీ అయింది. తర్వాత చెవితోనే శ్రుతి చెయ్యాలన్నారు."

"ఆఁ, అదీ. అది చెయ్యి చూద్దాం."

"నిన్న రాత్రి చేసిపెట్టింది నేనే. మీరు ఇందాక ఒకసారి మీటి చూసి, 'శ్రుతి ఎలా నిలబడిందో చూశావా, నా చెయ్యి అలాంటిది' అన్నారు."

వంటింట్లోంచి అత్తగారి నవ్వు వినిపించింది. మామగారి ముఖం ముడుచుకుపోయింది.

"ఇంకో పరీక్ష ఉంది. అదేమిటో ఆలోచించి చెప్తాను" అని చొక్కా తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

దారంతా అదే ఆలోచన. తనకు ఏళ్ళు పట్టిన విద్య ఆ పిల్లకు నెలల్లో అబ్బేస్తోంది. నేర్పుతున్నదీ తనే, కుళ్ళుకుంటున్నదీ తనే. ఎవరితో చెప్పుకోవాలి? ఒక్కదాంట్లో మాత్రం ధైర్యంగా ఉండేవారు. పెళ్ళయినప్పటినుంచీ ఆదివారం సాయంత్రాలు మేడ మీద భార్య పాడటం, ఆయన వాయించడం, ఆ భవనంలో వాళ్ళంతా కుర్చీలు తెచ్చుకుని వినడం. రెండేళ్ళ కిందట ఆవిడ "గొంతు పోయిందండీ, ఇక నావల్ల కాదు" అని మానేసింది. పోతే పోయింది, ఆ పాటకు తోడుండే చోటు తనదే, అక్కడికి ఇంకెవరూ రాలేరు. ఆ ఒక్క మాటే ఆయనకు ధైర్యం.

మధ్యాహ్నం బస్సు గేరు పట్టేసింది. బస్సుని డిపోలో అప్పగించి ఎప్పుడూ లేనిది ఎండవేళ ఇంటికొచ్చారు. సగం మెట్లు ఎక్కేసరికి పాట వినిపించింది. ఎవరింట్లోనో రేడియో అనుకున్నారు. ఇంకో నాలుగు మెట్లెక్కి ఆగిపోయారు. అది తన ఇల్లు. తన గిటారు. ఆ గొంతు తన భార్యది.

తలుపు తోసిన చప్పుడుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నాతో పాడటానికి పోయిన గొంతు, కోడలి దగ్గరికి ఎలా తిరిగొచ్చిందే?"

"ముందు కూర్చోండి. చెమటలు కారిపోతున్నాయి."

"కూర్చోను! రెండేళ్ళుగా డ్యూటీకెళ్ళే ముందు రోజూ నీకు నీళ్ళు కాచి ఇస్తున్నాను, గొంతు బాగుపడుతుందని. తాగుతూ లోపల నవ్వుకున్నావా?"

ఆవిడ తల దించుకుంది.

"మామయ్యా, పాడమని నేనే అడిగాను. తప్పు నాది" అంది కోడలు.

"నీదెందుకవుతుందమ్మా? తీగ పట్టుకోవడం నేర్పాను. నేర్పిన పాపానికి నా కుర్చీలో కూర్చున్నావు. బాగుంది. ఆదివారం మేడ మీద కూడా మీరిద్దరే పాడుకోండి. నేను కింద కూర్చుని చప్పట్లు కొడతాను!"

గిటారు లాక్కున్నారు. మర్నాటినుంచి దాన్ని ఇంట్లో వదిలితే ఒట్టు. డ్యూటీకి తీసుకెళ్ళి డ్రైవరు సీటు వెనక నిలబెట్టేవారు. కండక్టరు "దానికి టికెట్టో?" అంటే "పాసుంది" అనేవారు. సాయంత్రం మోసుకొచ్చి తన మంచం కింద తోసి, దానికి కాపలాగా పడుకునేవారు.

ఇల్లు మూగబోయింది. గ్లాసులో చెంచా తిప్పినా ఉలిక్కిపడేటంత నిశ్శబ్దం. అత్తగారు టీ తెచ్చి పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. పాపం ఆయనా పొద్దున్నే నీళ్ళు కాచబోయి, గిన్నె చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ బోర్లించేసేవారు.

ఆదివారం మధ్యాహ్నం కోడలే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇక నేను గిటారు ముట్టుకోను మామయ్యా. మీ కుర్చీ నాకొద్దు. ఒక్కటి మాత్రం అడుగుతాను. తీగల వైపు చూడకుండా వాయించేటప్పుడు మీరెటు చూస్తారు?"

"ఎటు చూస్తేనేం? మేడ మీంచి రోడ్డు కనిపిస్తుంది. వచ్చే పోయే బళ్ళు చూస్తాను."

"నాకు ఎటు చూడాలో తెలీక అత్తయ్యని చూశాను. అందుకే నాకు కనపడింది, మీకు కనపడలేదు."

"ఏమిటి కనపడింది?"

"నేను చెప్పకూడదు. గిటారు లేకుండా ఒక్కసారి ఆవిడ పాట వినండి."

ఇంకెవరైనా అంటే లేచి వెళ్ళిపోయేవారు. కానీ ఇన్నేళ్ళ కాపురంలో తనకు కనపడనిది నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకు కనపడిందంటే ఎలా ఊరుకోగలరు? ఆ కుళ్ళే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఏమే, ఒకసారి ఇటురా. పాడు. నేను వాయించన్లే."

ఆవిడ కోడలి వైపు చూసింది. చేతులు తుడుచుకుని, మంచం అంచున కూర్చుని, మెల్లగా మొదలుపెట్టింది.

మొదటి చరణం సాఫీగానే సాగింది. అలవాటుకొద్దీ ఆయన వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. రెండో చరణం సగంలో ఆవిడ భుజాలు పైకి లేచాయి. నోట్లో ఉన్న మాట రెండు ముక్కలయింది. ఊపిరి కూడదీసుకుని, మిగతా సగం మాట పట్టుకుని మళ్ళీ నడిచింది. చూస్తే ఆయన వేళ్ళు ఎప్పుడో చరణం చివరికి వెళ్ళిపోయాయి. ఆవిడింకా మధ్యలోనే ఉంది. మళ్ళీ భుజాలు లేచాయి. ఆయన ఒక చేత్తో రెండో చేతిని గట్టిగా పట్టుకుని ఆపుకున్నారు.

పాట అయింది.

"ఎప్పట్నుంచే?"

"గొంతు పోయిందని చెప్పినప్పట్నుంచీ. డాక్టరుకి చూపించుకున్నాన్లెండి, కోడలు తీసుకెళ్ళింది. జబ్బేం లేదు, వయసన్నాడు."

"ఊపిరి చాలట్లేదని నాతో చెప్పొచ్చుగా?"

"ఒకసారి చెప్పాను. పాట మధ్యలో ఆగితే పాటే కాదన్నారు. మళ్ళీ చెప్తే, నాకోసమని గిటారే మానేస్తారనిపించింది. అది లేకపోతే మీరేమైపోతారు? నా గొంతు పోయిందంటే సరిపోతుందిగా అనుకున్నాను."

ఆయన కోడలి వైపు తిరిగారు.

"నువ్వెలా ఆగేదానివమ్మా?"

"ఏముంది మామయ్యా, అత్తయ్య ఆగితే నేనూ ఆగేదాన్ని."

"ఇన్నేళ్ళూ ఆవిడ పక్కన వాయిస్తున్నాననుకున్నాను. ముందు పరిగెత్తానన్నమాట." మంచం కిందనుంచి గిటారు లాగారు. "పరీక్షలన్నీ అయిపోయాయి తల్లీ. నువ్వు బిగినర్‌వి కాదు. ఇవాళ్టినుంచి బిగినర్ని నేను."

"అబ్బో, ఫీజు కట్టాలి మరి" అంది కోడలు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

సాయంత్రం మేడ మీద కుర్చీలు వేశారు. మామగారు తన కుర్చీని రోడ్డు వైపు నుంచి ఆవిడ వైపు తిప్పుకున్నారు.

"అలా గుడ్లప్పగించి చూడకండి, నవ్వొస్తుంది నాకు" అని గొణిగింది ఆవిడ. "ఊఁ, మొదలుపెట్టండి."

"నువ్వు మొదలుపెట్టు. నేనొస్తాను."

"ఎప్పుడూ మీరేగా ముందు!"

"ఇవాళ్టినుంచి నువ్వే."

జనం నవ్వుతున్నారు. ఆవిడ పాడుతూ పాడుతూ రెండో చరణం సగంలో ఆగింది. ఆయన చెయ్యి తీగల మీద ఆగింది. ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. చెయ్యీ కదిలింది. ఆయన కళ్ళద్దాల వెనక నీళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ పనిలో ఉన్నాయి. కోడలు చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది.